టర్కీ కోడి లోపలి మంచు

సౌదీలోని హుఫూఫ్‌లో నేను పనిచేసే కాంపౌండ్‌లో ఇరవై విల్లాలున్నాయి. కుళాయి కారినా, ఏసీ ఆగిపోయినా, గ్యాసు వాసన వచ్చినా పిలిచేది నన్నే. వాటిలో ఒక విల్లాలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఇంజనీరు, ఆయన భార్య ఉండేవారు. ఆ కాంపౌండ్ మొత్తంలో నాతో తెలుగు మాట్లాడే ఇల్లు అదొక్కటే.

డిసెంబరులో ఒక బుధవారం సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"శుక్రవారం నీకు సెలవే కదా? మా ఆఫీసులో ఫారిన్ వాళ్లు భోజనానికొస్తున్నారు. వాళ్ల పండగ కదా, టర్కీ కోడిని ముక్కలు చెయ్యకుండా మొత్తంగా నూనెలో వేయిద్దామనుకుంటున్నాను. పెద్ద గ్యాసు పొయ్యి తెచ్చాను, కాస్త అమర్చిపెట్టాలి."

సరే సార్ అన్నాను గానీ, కాగే నూనె అనగానే పాత సంగతి గుర్తొచ్చింది.

అంతకు నాలుగేళ్ల ముందు రియాద్ దగ్గర ఒక లేబర్ క్యాంపులో ఉండేవాణ్ణి. మా మెస్‌లో వంట చేసే అన్న జగిత్యాల దగ్గర మా పక్క ఊరివాడే. ఒకరోజు ఫ్రీజర్లోంచి తీసిన కోడిమాంసం విడిపోకపోతే, టైమైపోతోందని గడ్డను గడ్డగానే కాగే నూనెలో వేశాడు. నూనె ఒక్కసారి పొంగి, అంచు దాటి పొయ్యి మీద పడి అంటుకుంది. పక్కనే ఉన్న నేను బకెట్‌తో నీళ్లు తెచ్చి మంట మీద గుమ్మరించాను. ఆర్పుదామనే. మంట రేకుల దాకా లేచింది. నూనె చిమ్మి అన్న మెడ, చేతులు కాలిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఉద్యోగం వదులుకుని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయాడు. "నువ్వు మంచికే చేసినవు తీ తమ్మీ" అని నన్నే ఓదార్చి మరీ వెళ్లాడు. ఈ సంగతి హుఫూఫ్‌లో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి ఆయన పొయ్యిని కారు షెడ్డు కింద పెట్టి ఉన్నారు.

"ఇక్కడొద్దు సార్. పైన రేకులున్నయి, పక్కన కారున్నది."

"బయట గాలి కదయ్యా."

"గాలికి అడ్డం ఏమన్న చూద్దాం. కప్పు కిందైతే నాతోని కాదు సార్."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. పొయ్యిని పెరట్లోకి, గోడకు దూరంగా, చదునుగా ఉన్న ఇసుక నేల మీదికి మార్చాను. గ్యాసు ట్యూబుకు సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. మెయింటెనెన్స్ గదిలోంచి మంటలార్పే సిలిండరు, వెల్డింగ్ చేతితొడుగులు తెచ్చి పెట్టుకున్నాను. గిన్నె మూత చేతికందేలా ఉంచాను. నీళ్ల పైపును మాత్రం చుట్టి పెరడు అవతల పడేశాను.

నూనె ఎంత పోయాలో ఆయనకూ తెలియదు. కోడిని కవరుతోనే ఖాళీ గిన్నెలో నిలబెట్టి, మునిగేదాకా నీళ్లు పోయించాను. కోడిని తీసేశాక నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ గీత గీశాను. గిన్నె చుక్క తడి లేకుండా తుడిచి, ఆ గీత వరకే నూనె పోశాం. ఆయన తెచ్చిన నూనె ఇంకా సగం మిగిలిపోయింది.

"మొత్తం పోసేసేవాణ్ణి," అన్నారాయన మెల్లగా.

జుమ్మా నమాజు వేళ దాటాక అతిథులు వచ్చారు. నూనె కాగింది. ఆయన మసాలా పట్టించిన కోడిని పళ్లెంలో పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు.

"ఒక్క నిమిషం సార్," అని కోడి పొట్టలోకి చెయ్యి పెట్టాను. పైనంతా మెత్తగానే ఉంది. లోపల, వెన్ను దగ్గర, గరుకుగా మంచు తగిలింది.

వెంటనే పొయ్యి ఆపేశాను.

"ఏమైంది?"

"లోపల ఐసున్నది సార్. ఇప్పుడు ఏస్తే నూనె పొంగుతది."

"రెండు రోజులు ఫ్రిజ్‌లో కింద పెట్టాం. కొంచెం ఉంటే ఏమవుతుందయ్యా? అందరూ వచ్చేశారు." ఆయన గొంతు తగ్గించారు. "నా పరువు తియ్యకు."

ఆయన ఒక్క ఫోన్ చేస్తే నా ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా పొయ్యి నాబ్ మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

"సార్, మా క్యాంపుల గిట్లనే ఏసిండ్రు. మనిషి కాలిండు. మంట మీద నీళ్లు పోసింది నేనే."

ఆయన నా ముఖంలోకి చూశారు. వెనకనుంచి ఆయన భార్య వచ్చి ఆ పళ్లెం అందుకున్నారు.

"మసాలా పోతే మళ్లీ రాస్తాను. అందరికీ పకోడీలు వేస్తాను, తింటూ కూర్చుంటారు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు బాబూ."

కోడిని చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాం. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ లోపలినుంచి నవ్వులు వినబడినప్పుడల్లా నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపించేది. మంచు పూర్తిగా పోయాక లోపలా బయటా పొడిగా తుడిచాం. మేడమ్ మళ్లీ మసాలా రాశారు.

నూనె మళ్లీ కాగింది. అందరినీ దూరంగా నిలబెట్టి, పొయ్యి ఆపి, తొడుగులు వేసుకుని, కొక్కేనికి తగిలించిన కోడిని దించడం మొదలుపెట్టాను. వేలెడు దించి ఆగాను. నూనె బుసబుసమంటూ గీత దాటి పైకి వచ్చింది. ఇంకో రెండు వేళ్లయితే అంచు. పక్కన సార్ ఏదో మంత్రం చదువుతున్నట్టు పెదవులు కదుపుతున్నారు. నురుగు తగ్గింది. ఇంకొంచెం దించాను. మళ్లీ ఆగాను. మొత్తం మునిగాకే పొయ్యి వెలిగించాను.

ముప్పావుగంట గిన్నె ముందునుంచి కదల్లేదు. నూనె పొగ వస్తున్నట్టు తోచినప్పుడల్లా మంట తగ్గించాను. కోడి బయటికి వచ్చాక సార్ తొడ దగ్గర థర్మామీటరు గుచ్చి, ఉడికిందని బొటనవేలు ఎత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గ్యాసు కట్టేసి గిన్నె పక్కనే స్టూలు వేసుకున్నాను. కాగిన నూనె చల్లారేదాకా దాన్ని వదలకూడదు.

కాసేపటికి సార్ రెండు పళ్లేలతో వచ్చి ఇసుకలోనే నా పక్కన కూర్చున్నారు.

"ఆ వంటాయన ఇప్పుడెలా ఉన్నారు?"

"ఊర్ల కిరాణం పెట్టిండట సార్. నేనే ఫోన్ చేస్తలేను."

"ఎందుకని?"

నేను పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. టర్కీ మాంసం నాకు చప్పగా, కాస్త పీచుగా అనిపించింది. ఆ మాటే అంటే ఆయన పెద్దగా నవ్వి, లోపలికెళ్లి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తెచ్చారు.