సున్నుండలతో నేర్పిన క్రియ

మా ఎదురు ఫ్లాట్ అంకుల్ ఇక లేరు. సెలవు మీద అమలాపురం వెళ్లిన ఆయన నిద్రలోనే పోయారని ఆంటీ ఫోన్ చేశారు. నాన్న రిసీవర్ పెట్టేసి నా వైపు తిరిగారు. "శుక్రవారం చైనావాళ్లు వస్తారే. వాళ్లకెలా చెప్పాలి?" అన్నారు.

ఖతార్ రాజధాని దోహాలో, మెసైమీర్ అనే పేటలో మా ఇళ్లు ఎదురెదురుగా ఉండేవి. అంకుల్ కంపెనీ ఆఫీసులో టైపిస్టు. రాస్ లఫాన్‌లో పనివాళ్లుండే క్యాంపు గోడల మీది నోటీసులన్నీ ఆయన టైపు చేసినవే. ఏ నోటీసులో చూసినా 'రిఫ్రెయిన్' అనే ఇంగ్లీషు క్రియ ఉండాల్సిందే. గదుల్లో వంట చెయ్యడం దయచేసి మానుకోండి అని చెప్పడానికి ఆయన వాడే మాట అది. చైనా వెల్డర్లకు అది అర్థం కాక, నోటీసు కిందే స్టవ్ పెట్టి హాయిగా వండుకునేవారు. మాట మార్చమని మేనేజరు అడిగితే, "మాట మార్చనండి, వాళ్లకే నేర్పుతాను" అన్నారట అంకుల్.

అలా ఆయన హాల్లో శుక్రవారం క్లాసు మొదలైంది. పదాల పిచ్చితో నేనూ వెళ్లి కూర్చున్నాను.

మొదటి రోజే అంకుల్, ఆంటీ చేసిన సున్నుండల పళ్లెం మధ్యలో పెట్టి, క్లాసు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. "మాట నోటికి వచ్చే ముందు ఒంటికి రావాలమ్మాయ్" అని నాతో అన్నారు.

వాళ్లలో పొడుగ్గా ఉండే వెల్డరు చెయ్యెత్తాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, "టీచర్, చెయ్యొద్దు అంటే చాలదా?" అన్నాడు.

"చెయ్యొద్దు అంటే పోలీసు భాష. నీకు తినాలని ఉంది, చెయ్యి అందుతుంది, అయినా ఆగావు. అదీ రిఫ్రెయిన్."

పొడుగాయన పళ్లెం వంక చూసి, "నేను బాగా ఆగుతున్నాను టీచర్. నాకు తీపి పడదు" అన్నాడు.

"అయితే నీకు సున్నా! ఇష్టం లేనివాడికి ఈ క్రియతో పనే లేదు" అన్నారు అంకుల్. అలా అంటూనే ఒక సున్నుండ నోట్లో వేసుకున్నారు.

"ఏవండీ! సుగరండీ!" అని వంటింట్లోంచి ఆంటీ కేక.

ఆ సుగరే పెద్ద గండమైంది. అది తగ్గకపోతే కాంట్రాక్టు పొడిగించరని కంపెనీ డాక్టరు తేల్చి చెప్పాడు. అంటే అంకుల్‌కు ఉద్యోగం లేదు, మాకు క్లాసు లేదు. ఆ విషయం తెలిశాక చైనావాళ్ల దృష్టి పుస్తకం మీంచి ఆయన చేతి మీదికి మారింది. ఆ చెయ్యి కదిలితే చాలు, పొడుగాయన ఆంటీ దగ్గర నేర్చుకున్న తెలుగులో "వద్దండీ!" అని అరిచేవాడు. మిగతావాళ్లు పళ్లెం లాగేసేవారు. ఒకసారి అంకుల్ సున్నుండను జేబులో వేసుకుని బాల్కనీలోకి జారుకున్నారు. క్లాసంతా వెనకాలే వెళ్లి, జేబులో చెయ్యి పెట్టి మరీ పట్టుకొచ్చింది.

"మేము మిమ్మల్ని రిఫ్రెయిన్ చేశాం!" అన్నాడు పొడుగాయన గర్వంగా.

"తప్పు!" అన్నారు అంకుల్, జేబుకు అంటిన పిండి దులుపుకుంటూ. "ఈ క్రియ ఒకరి కోసం ఇంకొకరు చేసేది కాదు. మీరు నన్ను ఆపారు, అంతే. నేను ఆగలేదు."

పరీక్షలో సుగరు తగ్గింది. కాంట్రాక్టు పొడిగించారు. ఆ సంతోషంలో అంకుల్ సున్నుండ తీసుకోబోతే మళ్లీ అందరూ "వద్దండీ!" అన్నారు. "యల్లా, పదండి పదండి, క్యాంపు బస్సు వచ్చింది" అంటూ నవ్వుతూ వాళ్లను మెట్లు దింపారు. మర్నాడే సెలవు మీద వెళ్లారు.

ఆంటీ మళ్లీ ఫోన్ చేసినప్పుడు నేనే మాట్లాడాను. "ఆయన పోయే ముందురోజు పెళ్లిభోజనానికి వెళ్లామమ్మా. బూరెలు వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. నేనైతే చూడనైనా లేదు, పక్కావిడ చెప్పింది. ఎవరూ వద్దనలేదే, ఆయనే..." అన్నారు.

శుక్రవారం చైనావాళ్లు మా హాల్లో కూర్చున్నారు. ఆంటీ చెప్పింది నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పాను. అమ్మ చేసిన సున్నుండల పళ్లెం మధ్యలో ఉంది. తినమని అమ్మ ఎంత చెప్పినా ఎవరూ ముట్టుకోలేదు. కింద బస్సు హారన్ మోగింది. తీపి పడని పొడుగాయన లేచి, పళ్లెం దాకా చెయ్యి చాచాడు. ఈసారి నిజంగా తినాలని ఉన్నట్టే, వేళ్లు ఒక సున్నుండ మీద కాసేపు ఆగాయి. తర్వాత మెల్లగా, తనంతట తానే, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.