సైరన్ మోగిన మధ్యాహ్నం

యూనివర్సిటీలో సీటైతే వచ్చింది. మెరిట్ స్కాలర్‌షిప్ వస్తేనే చేరగలను. ఆ సంగతి ఫోన్ చేసి చెబుతామన్నారు. నేనిచ్చిన నంబరు మా నాన్నది. ఆయన దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేస్తాడు. రాయి పేల్చేటప్పుడు అక్కడ అందరూ ఫోన్లు ఆపేయాలని నాకు తట్టనే లేదు.

వాళ్లు చెబుతామన్న రోజు పక్కింటివాళ్ల ఫోన్ నుంచి నాన్నకి ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. ఉండబట్టలేక ఆటో ఎక్కి క్వారీ గేటు దగ్గరికి వెళ్లాను. అప్పుడే సైరన్ మోగింది. కూలీలంతా బయటికి వచ్చేశారు, నాన్న తప్ప. ఒకాయన్ని అడిగితే, "మీ నాన్న ఇంకా అవతలే ఉండాడమ్మా" అన్నాడు. ఇంతలో కాళ్ల కింద నేల అదిరింది. ఎదురుగా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. గేటు పట్టుకుని ఏడ్చేశాను.

కాసేపటికి ఆ దుమ్ములోంచే ఎర్రజెండా పట్టుకుని నాన్న నడిచొచ్చాడు. అవతలి దారిలో ఎవరూ రాకుండా కాపలా ఉన్నాడట.

"ఏందమ్మా, ఎందుకేడుస్తన్నావు? స్కాలర్‌షిప్పు రాలేదా? పోతే పోనీలేవే, నేను లేనా!" అన్నాడు.

ఆ మాటకి ఇంకా గట్టిగా ఏడ్చాను.

సాయంత్రం ఫోనొచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. చదువు కోసం తన కూతురు గేటు దగ్గర ఎంత ఏడ్చిందో నాన్న ఇప్పటికీ అందరికీ గొప్పగా చెబుతుంటాడు. నేను కాదనను.