తార్నాకలో చింపేసిన నా ప్లాను

కరెంటు లారీలకు ఛార్జింగ్ ఎక్కడెక్కడ పెట్టాలో యూనివర్సిటీలో చర్చ ఉంది, ఎవరైనా రావచ్చు అన్న పోస్టరు చూసి వారం పాటు ప్లాను గీశాను. నేను రామంతాపూర్‌లో వైర్‌మన్‌ని. ఛార్జర్ల పని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు మన రోడ్ల మీద చుక్కలు పెడతారంటేనే నాకు ఒళ్లు మంట. అరగంటలో లారీని నింపే పెద్ద ఛార్జర్లు కావాలని నా ప్లాను. అది ఒప్పించకుండా ఇంటికి రాకూడదనుకున్నాను.

ఎనిమిదిన్నరకు షేర్ ఆటో ఎక్కాను. తార్నాకకు ఇరవై రూపాయలు. పక్కన కూర్చున్నాయనతో మాట కలిపాను. పేరు యాదన్న, కరెంటు లారీ డ్రైవరని తెలిసి ఎగిరి గంతేసినంత పని చేశాను. ప్లాను చూపించాను.

"అరగంట ఎందుకు తమ్మీ? నాకేమన్న రైలు పోతున్నదా?"

"టైం మిగులుతది కదన్నా!"

"మిగిలితే ఏం జేస్కోవాలె? పగలు సిటీల నో ఎంట్రీ. బండి ఉప్పల్ అవతల నిలబెట్టి చెల్లె ఇంటికి తినడానికి పోతున్న. తిన్నంక గంటలకొద్ది ఈగలు తోల్కునుడే. ఛార్జింగ్ కోసం మాత్రం మళ్ల ఇంకో దిక్కు తిరగాలె. నిలబడ్డ తాననే వైరు పెట్టు, మెల్లగనే ఎక్కని."

ఈ మాట నేను చూసిన ఏ వీడియోలోనూ లేదు. నా మీద నాకే మండింది. తార్నాకలో దిగగానే ప్లాను చింపేశాను.

"అన్నా, నాతోని యూనివర్సిటీకి రా."

"పదోది ఫెయిల్ తమ్మీ నేను!"

"నేనేమన్న పాసైననా? నడువ్."

క్యాంపస్‌లో చెట్ల కింద ఇరవై నిమిషాలు నడిచాం. పదింటికి ఒక ప్రొఫెసర్ మేడమ్ తెర మీద మ్యాపు పెట్టారు. హైవే పొడవునా సమాన దూరంలో ఎర్ర చుక్కలు. లేచి అడిగేశాను: "పగలు లారీలు ఎక్కడ ఆగుతయో ఇందులో లేదు మేడమ్. ఒక్క డ్రైవర్‌నన్నా అడిగిండ్రా?"

మేడమ్ కోప్పడలేదు. "మీరు ఎవరినైనా తీసుకొచ్చారా?" అన్నారు. యాదన్నను ముందుకు నెట్టాను.

"మీ బండి ఇప్పుడెక్కడుంది?"

"ఉప్పల్ అవతల మేడమ్. నో ఎంట్రీకి ఉత్తగనే నిలబడ్డది."

మేడమ్ అదే మ్యాపు ఉన్న పెద్ద కాగితం ఒకటి బల్ల మీద పరిచి యాదన్న చేతికి పెన్ను ఇచ్చారు. ఉప్పల్ అవతల మొదటి సున్నా చుట్టే ముందు, "ఈడ గీయొచ్చునా తమ్మీ?" అని నన్నడిగాడు. భోజనాల వేళకు మాత్రం, "జరుగు తమ్మీ, ఇంకో రెండు మర్చిపోయిన" అని నన్నే పక్కకు నెట్టాడు.

ఆ సున్నాలున్న చోట ఛార్జర్లు వస్తాయో రావో తెలియదు. ముందు వెళ్లి చూస్తామని మేడమ్ అన్నారు. వారం రోజుల నా కష్టం తార్నాక చెత్తబుట్టలో పడినా, ఇంత సంబరంగా నేనెప్పుడూ ఇంటికి రాలేదు. మీరూ ఇలాంటి చర్చకు వెళ్తుంటే షేర్ ఆటోలోనే వెళ్లండి, పక్కవాళ్లను పలకరించండి. ప్లాను మాత్రం పెన్సిల్‌తో గీసుకోండి.