ఏ, టీ, ఈ ఇంటిపేరువాళ్లు

మొన్న తర్లుపాడు నుంచి ఆటోలో మార్కాపురం వస్తుంటే ఉన్నట్టుండి వాన దిగింది. రోడ్డు పక్కన పారబోసిన పలకరాళ్ల గుట్టలు తడిసి నల్లగా నిగనిగలాడాయి. తడిసిన పలకకు ఒక వాసన ఉంటుంది. మట్టి వాసన కాదది, కొంచెం ఇనుము, కొంచెం సున్నం కలిసినట్టుంటుంది. అది ముక్కుకు తగలగానే నాకు ఖాదర్‌బీ అక్క గొంతు వినిపించింది. "చెయ్యి అడ్డం పెట్టు సుబ్బమ్మా, ముందు ఇంటిపేరు చూడు!" కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గాల్లోకి చెయ్యి లేపాను. పక్కనున్నామె నన్ను వింతగా చూసింది. చూడనీ.

మీరెవరూ ఖాదర్‌బీ అక్కను చూసి ఉండరు. మార్కాపురంలో పలకలు చేసే ఒక షెడ్డులో ప్యాకింగ్ పని ఆమెది. పలకలను చెక్కపెట్టెల్లో సర్ది, పైన రంగుతో ఇంగ్లీషు మాటలు రాసేది. పొట్టి మనిషి, పెద్ద నోరు. వానల్లేక మా చేను బీడు పడితే నేనూ అదే షెడ్డుకు వచ్చి, రాయి కోసే వైపు చేరాను. ఊళ్లో పిల్లలందరికీ పలకలు చేశాను గానీ, వాటి మీద ఒక్క గీత గీసినదాన్ని కాను. నాకు తెలుగు అక్షరాలు వచ్చేసరికే తల నెరవడం మొదలైంది. ఇక కోత దగ్గర లేచే దుమ్ము సంగతి చెప్పాలా? ముద్ద మింగబోతే దగ్గు, మాట్లాడబోతే దగ్గు. దుమ్ము లేని చోటు ప్యాకింగ్ ఒక్కటే. అక్కడ ఒక మనిషి కావాలని తెలిసి అడగబోతే గుమాస్తా నవ్వాడు.

"పెట్టె మీద ఏం రాసుందో తెలీదు, నీకు ప్యాకింగా? నెలాఖరు లోపల ఇంగ్లీషు మాటలు చదివి చూపీ, ఇస్తా."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఆ మధ్యాహ్నం ఖాదర్‌బీ అక్క అన్నం గిన్నె పట్టుకుని నా పక్కన చతికిలబడింది. "ఏంది, మూతి అట్ల పెట్టినావు? ఇంగ్లీషంటే ఏమన్నా పులా?" అంటూ విరిగిన పలక ముక్క ఒకటి తీసుకుని మేకుతో మూడు అక్షరాలు గీకింది. ఏ, టీ, ఈ. తర్వాత చిన్న చిన్న పెచ్చులు ఏరి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం గీకి, అది ఎట్లా పలకాలో చెప్పింది. "ఈ మూడూ కలిస్తే 'ఏట్'. ఇది ఇంటిపేరు అనుకో. మనకు ఇంటిపేరు ముందొస్తాది, ఈ మాటలకు వెనకొస్తాది. అంతే తేడా." జీ పెచ్చును ముందుకు జరిపింది. "గేట్. రైలు గేటు తెలుసు గదా?" జీ తీసి ఆర్ పెట్టింది. "రేట్. దుకాణంలో అడుగుతావే, అది." డీ పెడితే డేట్, తేదీ. ఎల్ పెడితే లేట్, ఆలస్యం. ఆ ఎల్ ముందు పీ పెడితే ప్లేట్. చివరికి పీ తీసి ఎస్ పెట్టి నా మొహంలోకి చూసింది.

"స్‌... స్లేట్," అన్నాను కూడబలుక్కుని.

"అంటే ఏంది?"

"పలక!"

ఎంత గట్టిగా అరిచానంటే మిషన్ దగ్గరివాళ్లు వెనక్కి తిరిగారు. ఇన్నేళ్లూ చేతుల్లో మోసినదాని పేరు నా కళ్లతో నేనే చదివాను. ఆ పూట అన్నం తినడమే మర్చిపోయాను.

ఇక పిచ్చి పట్టింది. పెచ్చులు కొంగున మూటగట్టుకుని తిరిగాను. పొయ్యి ముందు, కుళాయి దగ్గర, ఎక్కడ కూర్చుంటే అక్కడ పేర్చడమే. ఒకసారి ఎన్ పెట్టి, "అక్కా, నేట్ అంటే ఏంది?" అన్నాను.

"ఆ ఇంట్లో ఎవ్వరూ లేరు. తాళం ఏసుంది, పో."

హెచ్ పెట్టాను. "హేట్! దీంట్లో ఉన్నారా?"

"ఉన్నారు. గుమాస్తాను చూస్తే నీకు కడుపులో ఏమైతాది? అదే హేట్."

ఎమ్ పెట్టగానే ఎగిరి గంతేశాను. "ఇది నాకు తెలుసు! రోడ్డు పనిలో కూలోళ్ల మీద అరిచేటోడు, మేటు!"

ఖాదర్‌బీ అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "యా అల్లా! అసలు అర్థం జతగాడని, తోడుండేటోడని. ఈ సంగతి మన మేట్లకు ఎవరు చెప్పాల తల్లీ!"

పెట్టె మీది అక్షరాలను పెచ్చుల్లా జరపలేం కదా. అందుకే ముందు భాగాన్ని అరచేత్తో మూసి, వెనక నుంచి ఒక్కొక్క అక్షరం తెరుచుకుంటూ రమ్మనేది.

గుమాస్తా పిలిచిన రోజు అందరూ పని ఆపి చుట్టూ మూగారు. ఆయన పెట్టె మూత ఒకటి తెచ్చి నా ముందు నిలబెట్టాడు. దాని మీద స్లేట్ ఉంది, డేట్ ఉంది. గడగడా చదివేశాను. అప్పుడాయన సుద్దతో కింద ఇంకో మాట రాశాడు. మేమెన్నడూ పేర్చని మాట. దగ్గు తన్నుకొచ్చింది.

"నాకు తెలుసు, బట్టీ పట్టినావు," అన్నాడాయన.

ఖాదర్‌బీ అక్క దూరం నుంచే అరచెయ్యి గాల్లో అడ్డంగా పెట్టి చూపింది. నేను మాట ముందు భాగం మూశాను. మిగిలింది ఏ, టీ, ఈ. మన ఇంటివాళ్లే! చెయ్యి జరిపాను. ఆర్. "రేట్." ఇంకొంచెం జరిపాను. సీ.

"క్రేట్! ఈ పెట్టే గదా సారూ! లారీ వచ్చినప్పుడల్లా క్రేట్లు, క్రేట్లు అని మీరు అరిచేది దీన్నే గదా!"

షెడ్డంతా ఘొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వాపుకోలేక, "రేపట్నుంచి ప్యాకింగులో కూసో, పో," అన్నాడు.

మర్నాడు ఆమె పక్కన, దుమ్ము లేని గాలిలో కూర్చుని అడిగాను. "ఇంతమంది ఉండంగ నాకే ఎందుకు నేర్పినావక్కా?"

"పెద్ద ధర్మం చేసినాననుకోవద్దు. ఒక్కదాన్నే కూసోని నోరు పాచిపోతాంది. మాట్లాడను ఒక మేటు కావాల్సొచ్చింది. దొరికినావు."

ఖాదర్‌బీ అక్క తర్వాత కనిగిరిలో కూతురింటికి పోయి అక్కడే కన్నుమూసింది. నేనూ పని మానేశాను. దగ్గు తగ్గింది గానీ చేతి అలవాటు పోలేదు.

మొన్న ఆటోలో వాన వెలిసేసరికి ఊరు దగ్గరపడింది. చేల గట్ల మీద ప్లాట్లు అమ్మే బోర్డులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక బోర్డు చేతికి అందేంత దగ్గరలో ఉన్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టాను. ఏట్. టేట్. స్టేట్. "ఎస్టేట్!" అని పైకే అరిచాను.

పక్కనున్నామె ఉలిక్కిపడింది. "ఏందమ్మా, ఏమైంది?"

"ఆ బోర్డు చదివినా. నువ్వు చదువు."

"నాకు తెలుగే అంతంత మాత్రం, ఇంగ్లీషు యాడొస్తాది?"

ఆ బోర్డు వెనక్కి పోయింది. ఏం పర్లేదు, ముందు ఇంకొకటి వస్తోంది.

"చెయ్యి ఇట్ల అడ్డం పెట్టు," అన్నాను. "ముందు ఇంటిపేరు చూడు."

ఆమె డ్రైవరు వైపు ఒకసారి చూసి, సిగ్గుపడుతూనే చెయ్యి లేపింది.