సంగారెడ్డి తాలింఖానాలో ఉప్పు చల్ల

ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడని రోజులవి. ఆటలే జీవనాధారమైన వాళ్లు ఏం తింటారు, వాళ్ల ఒంట్లో సత్తువ ఎలా నిలుస్తుంది అన్న పరిశీలన హైదరాబాదులోని మా పరిశోధనశాల చేపట్టింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లను మిగతావాళ్లు పంచుకున్నారు. పహిల్వాన్ల దగ్గరికి ఆడదాన్ని రానివ్వరని అందరూ వారించినా, ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

ఉదయం ఆరున్నరకు గౌలిగూడలో బస్సెక్కాను. మనుషులను తూచే కాటాకు కూడా కండక్టరు టికెట్టు కొట్టాడు. పటాన్‌చెరులో చాయ్ తాగాను. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న బట్టల వ్యాపారి నేను వెళ్లే చోటు అడిగి తెలుసుకున్నాడు.

"ఆడ ఉండే ఖాసీం పహిల్వాన్ రెండు కుస్తీలు ఓడిండమ్మా. రేపటిది గూడ పోతే ఊరి దొర ఆయనకు ఇచ్చే పాలు, నెయ్యి బంద్ అయితయి" అన్నాడు.

తొమ్మిదిన్నరకు సంగారెడ్డి చేరాం. ఆ వ్యాపారి ఇంట్లోనే బస దొరికింది. సామాను పెట్టి, కాటాతో తాలింఖానాకు వెళ్లాను. అది కుస్తీలు నేర్పే పెంకుటిల్లు. లోపల ఎర్రమట్టి బరి. ఉస్తాద్ రాజయ్య నన్ను గడప దగ్గరే ఆపేశాడు. పహిల్వాన్ తిండి తూస్తే దిష్టి తగులుతుందట. వాదించకుండా బయట అరుగు మీద కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కినా లేవలేదు.

చివరికి ఖాసీమే బయటికి వచ్చాడు. మంచి ఎత్తరి, కళ్లు మాత్రం లోతుకు పోయాయి.

"కుస్తీ నడుమల పిక్కలు గుంజుతున్నయమ్మా. ఎందుకో చెప్తవా?"

తూచి చూస్తేగానీ చెప్పలేనన్నాను. దిష్టి తగిలితే తనకే కదా తగిలేది అని ఉస్తాదుకు నచ్చజెప్పి, ఖాసీం నన్ను లోపలికి తీసుకెళ్లాడు.

జొన్నరొట్టెలు, మాంసం, బాదం నూరి కలిపిన పాలు అన్నీ తూచాను. ఎక్కడా కొరత కనిపించక దిక్కు తోచలేదు. సాయంత్రం సాధనకు ముందొకసారి, తరవాతొకసారి ఖాసీంను కాటా ఎక్కించాను. బరువు బాగా తగ్గాడు. కొవ్వు కరిగిందని ఉస్తాదు మురిసిపోయాడు. ఖాసీం పెదవులు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. అడిగితే తెలిసింది, కసరత్తు ఉన్న పూట ఆయనను నీళ్లు ముట్టనివ్వరు.

తగ్గింది కొవ్వు కాదు, చెమటలో పోయిన నీళ్లూ ఉప్పూ, పిక్కలు పట్టేది అందుకే అని ఉస్తాదుకు చెప్పాను. నీళ్లు, ఉప్పు వేసిన పల్చటి చల్ల తాగించమన్నాను.

"నా ఉస్తాద్ నన్ను గిట్లనే తయారు చేసిండు. నీళ్లు తాగితే కండ మెత్తబడ్తది" అన్నాడు రాజయ్య.

"పొద్దున ఒక్కసారి తాగి సాధన చేయనివ్వండి. ఆయాసపడితే మొదటి బస్సుకే వెళ్లిపోతాను."

మర్నాడు పొద్దున ఖాసీం కొంచెం కొంచెంగా తాగుతూ సాధన చేశాడు. పిక్కలు పట్టేయలేదు. మధ్యాహ్నం కుస్తీకి ముందు చల్ల చెంబు రాజయ్యే తెచ్చి అందించాడు.

ప్రత్యర్థి జహీరాబాదు నుంచి వచ్చిన పడుచువాడు. మండుటెండలో ఎంతసేపు పట్టినా ఇద్దరిలో ఎవరి వీపూ మట్టికి తగల్లేదు. పెద్దలు బరాబర్, ఇద్దరూ సమానమే అని తేల్చారు. ఖాసీం తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ బరి దాటాడు. పాలు, నెయ్యి ఆపనని కుస్తీ చూడవచ్చిన దొర అక్కడే చెప్పాడు.

అయిదు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. ఒక్క మనిషితో, ఒక్క కుస్తీతో ఏదీ రుజువు కాదు. అయినా తినేదే తూచి, తాగేదాన్ని వదిలేసిన మా పద్ధతి మార్చాల్సిందేనని ఇస్నాపూర్ దాటేసరికి నిశ్చయించుకున్నాను. రాజయ్య అదే బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. పటాన్‌చెరులో దిగబోతూ నా దగ్గర ఆగాడు.

"ఈడ గూడ నా దగ్గర కుస్తీ నేర్చుకునే షాగిర్దులున్నరు డాక్టరమ్మా. చల్లల ఉప్పు ఎంతెయ్యాల్నో జెర మళ్ల చెప్పు."