తంపర గట్టున బాపనబాతులు

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన తొలి చలికాలాల్లో నేను బరంపురంలో బడిపంతుల్ని. నా స్నేహితుడు ఛత్రపురంలో కలెక్టరు కచేరీ గుమస్తా. ఇద్దరం చిన్నప్పుడు ఒకే పంతులు చేతిలో తన్నులు తిన్నవాళ్ళం. ఆదివారం పొద్దున్నే నేను రైల్లో ఛత్రపురం వెళ్ళేవాణ్ణి. రైలు ఆలస్యమైనా సరే, తప్పంతా నాదే అన్నట్టు మొహం పెట్టుకుని, వాడు కెమెరా సంచీ భుజాన వేసుకుని స్టేషన్ బయట నిలబడేవాడు. అక్కణ్ణించి తంపర దాకా నడిచేవాళ్ళం.

తంపర పెద్ద మంచినీళ్ళ చెరువు. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి బాతులో వచ్చి వాలతాయి. ఊళ్ళో వాళ్ళకి అవి కూరకి పనికొస్తాయా రావా అన్నదొక్కటే లెక్క. మాకేమో వాటి ఫొటో కావాలి. ఈ సంగతి చెబితే మా ఆవిడ కూడా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సీమకి వెళ్ళిపోతూ ఒక దొర అమ్మేసిన మడత కెమెరా మాది. బాగా దగ్గరికి వెళితే తప్ప అందులో పిట్ట పడదు. మేం దగ్గరికి వెళితే పిట్ట ఉండదు.

చెప్పులు చేత్తో పట్టుకుని, నోరు మూసుకుని, రెల్లు చాటున వంగి నడిచేవాళ్ళం. దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకునేవాళ్ళం. మాకు ముఖ్యంగా కావలసినవి బాపనబాతులు. పండు నారింజ రంగులో ఉంటాయి, ఎప్పుడూ జంటగా తిరుగుతాయి. ఎంత మెల్లిగా వెళ్ళినా లేచిపోయేవి. బరంపురంలో ఫొటోలు కడిగే ఆయన ప్రతిసారీ ఫిల్ము వెలుగుకి ఎత్తి చూసి, "ఇందులో పిట్టేదండి మాస్టారూ?" అనేవాడు.

"ఇప్పుడే లేచిందండి," అనేవాణ్ణి.

ఆ ఏడు కచేరీలో ఒక మాట పుట్టింది. మద్రాసు రాష్ట్రం వైపు పోదలచిన గుమస్తాలు అర్జీ పెట్టుకోవచ్చట. వీడు ఉంటాడా, పోతాడా? వారాల తరబడి నాకు అదే బెంగ. వాడు చెప్పడు. చెరువు దగ్గర మాట్లాడకూడదు గనక నేను అడగను. ఏం వినాల్సొస్తుందోనని భయం కూడా వేసేది.

ఒక ఆదివారం రెల్లులో వంగి ఉండగా వాడే గుసగుసగా అన్నాడు.

"నాకు విశాపట్నం ఏసినార్రా. వచ్చే వారం ఎల్లాల."

నేను నిటారుగా లేచి నిలబడ్డాను.

"ఏటి? ఎల్లమని ఎవుడు సెప్పాడు నీకు?"

"నేనే అడిగాను. ఇక్కడ పిల్లల సదువు ఒరియాలోకి ఎలిపోద్దని భయం."

"మనం ఒరియా మాట్లాడ్డం లేదా? మనకేటి తక్కువైంది?"

వాడూ లేచాడు. "నీకు పిల్లల్లేరు. నీకేటి తెలుస్తాది!" అని అరిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఉండిపోరా అని కూడా అన్నాను, అదీ తిట్టినట్టే అన్నాను. వాడు తల అడ్డంగా ఊపుతూ, నీళ్ళ వైపు చూసి ఆగిపోయాడు.

బాపనబాతుల జంట ఎదురుగా నీళ్ళ అంచున మేస్తోంది. మా అరుపుల్ని పట్టించుకోనేలేదు.

ఆలోచిస్తే సంగతి తేలికే. ఆ చెరువులో జాలర్లు పొద్దంతా వెదుళ్ళతో నీళ్ళు బాదుతూ, కేకలేస్తూ చేపల్ని వలలోకి తోలుతారు. ఆ గోలకి బాతులు ఎప్పుడో అలవాటుపడ్డాయి. సడి లేకుండా వంగి వంగి వచ్చేవాళ్ళు తుపాకీలవాళ్ళు. ఇన్నాళ్ళూ మేం వాళ్ళలాగే నడిచాం.

"అరుస్తూ ఉండు," అన్నాడు వాడు కెమెరా విప్పుతూ.

"ఏటని అరవాల?"

"తిడతన్నావు గదా. తిట్టు."

తిట్టాను, మనసారా తిట్టాను. తిడుతూ ముందుకి నడిచాను, వాడు నా పక్కనే నడిచాడు. ఈకలు లెక్కపెట్టేంత దగ్గరికి వెళ్ళి ఫొటో తీశాడు. కడిగినాయన ఆ బొమ్మని కొట్లో అందరికీ కనబడేట్టు పెట్టుకున్నాడు.

అన్నట్టే వాడు పెళ్ళాం పిల్లలతో విశాఖపట్నం వెళ్ళిపోయాడు. కెమెరా నాకే వదిలేశాడు.

ఆ తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే తంపరకి వెళ్ళాను. బాతులు రెల్లు అవతలే ఉన్నాయి. గట్టిగా మాట్లాడుతూ వెళితే చాలు, కదలవు. ఏం మాట్లాడాలా అని వెతుక్కున్నాను. బళ్ళో సంగతులు చెబుదామనుకున్నాను. పోనీ, తిడదామనుకున్నాను. పక్కన మనిషి లేడు, నోరు పెగల్లేదు. అలాగే నాలుగడుగులు వేశాను. బాతులు లేచిపోయాయి.