మా ఇద్దరికీ చెక్ నేర్పిన సార్

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున ఉప్పల్ నుంచి మా సార్ భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసింది. "మీ సార్ పోయిండు బిడ్డా" అంది. నాచారం నుంచి బండి మీద వెళ్తున్నంతసేపూ ఆయన నేర్పిన చెక్ భాష మాటలు పైకే పలుకుతూ వెళ్లాను. ఎందుకో నాకే తెలియదు.

నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. చెక్ దేశంలో మా వాళ్లకు ఒక యూనిట్ ఉంది. ఇక్కడి నుంచి కొందరిని రెండేళ్లు అక్కడికి పంపుతామని, ఆ భాష వచ్చినవాళ్లకే ముందు అవకాశమని చెప్పారు. నలభై దాటాక కొత్త భాష! ఫోన్‌లో చూసి మొదలుపెట్టాను గానీ, పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి గుర్తుండేది కాదు. అప్పుడు మా ఆయన ఈ సార్ గురించి చెప్పారు. సార్ ఒక ప్రభుత్వ కర్మాగారంలో, యంత్ర భాగాలు చేసే మిషన్ షాపులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా ఆ కర్మాగారం తరఫున ట్రైనింగుకు ఆ దేశం వెళ్లొచ్చారు.

ఆదివారాలు ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లేదాన్ని. మొదటిరోజు తలుపు తీస్తూనే చెక్‌లో గడగడా ఏదో అన్నారు. నేను బిక్కమొహం వేశాను.

"ఏం సమజ్ గాలేదా? మంచిదే. నేను గూడ గట్లనే షురూ జేసిన" అని నవ్వారు.

ఆయన పాఠం చెప్పే తీరే వేరు. చాయ్ కప్పు నా ముందు పెట్టి, చెక్‌లో అడిగేదాకా ముట్టనిచ్చేవారు కాదు. తప్పు మాట్లాడితే కోప్పడకుండా "యెష్టే యెద్నొ" అనేవారు. అంటే, ఇంకోసారి అని. ఆ భాషలో నామవాచకానికి ఏడు రూపాలని తెలిసి నేను బెంబేలెత్తితే, "మనకు విభక్తులు లేవా? డు, ము, వు, లు బళ్లె చదవలేదా? అదే కథ. ఫికర్ జెయ్యకు" అన్నారు. వాళ్లకో రకం 'ర' ఉంది, నాలుక వణికిస్తూ పలకాలి. "లేత్ మిషన్ మీద ఇనుప ముక్క జర లూజుగా బిగిస్తే ఎట్ల వణుకుతది? నాలుక గట్ల వణకాలె" అని చేసి చూపించేవారు. వంటింట్లోంచి పెద్దమ్మ నవ్వేది: "ఇద్దరూ గలసి ఇల్లు ఫ్యాక్టరీ జేసిన్రు!"

కంపెనీ పెట్టిన మొదటి చెక్ పరీక్ష తప్పాను. ఈ వయసులో నాకిది రాదన్నాను. ఆయన ఓదార్చలేదు. తన సంగతి చెప్పారు.

"ఆడికి వోయిన కొత్తల మూగోని లెక్కనే ఉన్న. క్యాంటీన్ల కూడు సప్పగుండేది. ఉప్పడగనీకి మాట రాదు. ఆడ వడ్డించే ముసలమ్మ ఒకరోజు ఉప్పు డబ్బా చేతుల పట్టుకొని, మాట జెప్పేదాకా ఇయ్యలే. అదే నా మొదటి పాఠం. భాషను గెలవాలని సూడకమ్మా. అడుక్కో. ఉప్పడుగు, తొవ్వడుగు. అడుగుతుంటే అదే వస్తది."

రెండోసారి పాసయ్యాను. కానీ ఈలోగా కంపెనీ ఆ ఆలోచనే మానుకుంది. ఎవరినీ పంపడం లేదన్నారు. ఇక చెక్‌తో నాకేం పని? ఆదివారం వెళ్లి, పాఠాలు ఆపేద్దామని చెప్పాలనుకున్నాను.

శనివారమే పెద్దమ్మ ఫోన్ చేసింది. "సార్‌కు పక్షవాతం వచ్చింది బిడ్డా. దవాఖానాల ఉన్నం. ఏందేందో మాట్లాడుతుండు, మాకు తెలుస్తలేదు. జర వచ్చి సూడు."

వెళ్లేసరికి ఆయన కళ్లు మూసుకుని ఒకే మాట గొణుగుతున్నారు. దగ్గరగా వంగి విన్నాను. "యె మి జిమా."

"చలేస్తోందంటున్నారు పెద్దమ్మా" అన్నాను.

ఆమె గబగబా సంచిలోంచి చెద్దరు తీసి కప్పింది. ఆయన గొణగడం ఆగిపోయింది. పక్షవాతంతో మాట పోయాక, తెలిసిన భాషల్లో ఒకటి ముందుగా తిరిగి రావడం అరుదుగా జరుగుతుందని డాక్టరు చెప్పారు. ఆయనకు తెలుగుకు బదులు చెక్ తిరిగొచ్చింది.

ఆ తర్వాత నాకు పోస్టింగు గుర్తు రాలేదు. డ్యూటీ దిగి నేరుగా ఉప్పల్ వెళ్లేదాన్ని. నేను లేనప్పుడు ఎలా అని పెద్దమ్మ కూడా నేర్చుకోవడం మొదలుపెట్టింది. "ఇన్నేండ్లు కాపురం జేసినంక, మొగనితోని మాట్లాడనీకి నాకు ట్యూషన్ పెట్టించిండు సూడు" అనేది. మెల్లగా అనడానికి 'పొమాలు' అనాలని చెబితే, "పొమ్మన్నట్లుంది గదనే!" అని ఒకటే నవ్వు. అయినా ఆయన్ని నడిపిస్తూ ఆ మాటే అనేది. ఆయన కూరలో ఉప్పు కావాలని చెక్‌లో అడిగితే, ఆమె కుదరదంటూ చెక్‌లోనే "నె!" అని కసిరేది. ఆమె ఏదైనా తప్పుగా పలికితే, ఆయన బాగున్న చేతి వేలెత్తి "యెష్టే యెద్నొ" అనేవారు.

ఒక సాయంత్రం నేను వెళ్లగానే ఆమె నన్ను పక్కకు పిలిచింది. "నెప్లాచ్ అంటే ఏంది బిడ్డా? పొద్దుగాల నా చెయ్యి వట్టుకొని అన్నడు."

"ఏడవకు అని, పెద్దమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది: "తెలుగుల ఎన్నడన్న ఈ మాటన్నడా!"

క్రమంగా ఆయనకు కొంత తెలుగు కూడా తిరిగొచ్చింది. రెండు భాషలూ కలిపి మాట్లాడేవారు, మేమిద్దరం కలిసి అర్థం చేసుకునేవాళ్లం. రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు మాత్రం దవాఖానాకు చేరేలోపే అయిపోయింది.

దినకర్మలయ్యాక సెలవు తీసుకుంటుంటే, పెద్దమ్మ గేటు దాకా వచ్చింది. "ఆదివారం వస్తవు గదా? నువ్వు రాకుంటే నాకు ఆ మాటలన్ని పోతయి" అంది. వస్తానన్నాను. ఇప్పుడు ఆమెకు నేను పాఠం చెబుతున్నాను.

మొన్న వెళ్లేసరికి ఆమె గేటు దగ్గర ఆకుకూరలు కొంటోంది. ఆకుకూరల బండి ఆమె కొత్తిమీర కట్ట చేతిలో పెట్టగానే, పెద్దమ్మ తల ఊపి "జెకుయి" అంది. చెక్‌లో కృతజ్ఞత చెప్పే మాట అది; బయటివాళ్లతో ఆమె చెక్‌లో మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. బండి ఆమెకు అర్థం కాలేదు. అయినా నవ్వి, ఇంకో కట్టలోంచి రెండు రెమ్మలు తీసి పెద్దమ్మ చేతిలో పెట్టి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. కొత్తిమీర నుంచి నీళ్లు కారి ముంజేయి తడుస్తున్నా, పెద్దమ్మ ఆ బండి వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.